నిజజీవిత లెక్కలు: పేర్లు, ఊళ్లు మారిస్తే సరిపోతుందా?

పలకాబలపం
ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలోని రాత లెక్కలు పిల్లలకు పరాయిగా ఉంటున్నాయని, వాటిలోని పేర్లను, ఊళ్లను మార్చి మా మండలానికి దగ్గర చేసి చెప్పడం కొంతకాలంగా చేస్తున్నాను. మొన్న ఎనిమిదో తరగతిలో బారువడ్డీ మొదలుపెట్టి, "రాజయ్య పొరుగాయన దగ్గర సంవత్సరానికి 8 శాతం వడ్డీకి 20,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు" అనగానే వెనక బెంచీలోని అబ్బాయి లేచి, "ఆ పొరుగాయన ఎక్కడుంటాడో చెప్పండి టీచర్, మా నాన్నను పంపిస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత అందరూ బుద్ధిగా ఏడాది వడ్డీ 1,600 రూపాయలని రాసి చూపించారు. లేచి మాట్లాడిన అబ్బాయి కూడా రాశాడు. లెక్కలో చెప్పింది జరిగే పని కాదని తెలిసి కూడా దాన్ని చేసి పక్కన పెట్టేయడం పిల్లలకు ఇంతగా అలవాటైపోయిందంటే, నేను మార్చిన పేర్ల వల్ల ఒరిగిందేమిటి? ఇది నిజమైన సమస్యేనని పిల్లలు కూడా ఒప్పుకునే లెక్కను మీలో ఎవరైనా తరగతిలో నడిపి ఉంటే, ఎలా నడిపారో వివరంగా చెప్పండి.

ఐదో_ఎక్కం
8 బదులు 24 వేయండి, ఆ అబ్బాయి కూర్చుంటాడు.

నూటికి_రెండు
ఐదో_ఎక్కం గారు సరదాకు అన్నా అందులో సగం నిజం ఉంది. రేటుతో పాటు లెక్క అడిగే తీరు కూడా మారాలి. మన ఊళ్లలో చేబదులు అప్పుకు ఎవరూ సంవత్సరానికి ఇంత శాతం అని మాట్లాడుకోరు. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. పొదుపు సంఘంలో ఉన్న తల్లి పావలా వడ్డీ అంటుంది, అంటే నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. బ్యాంకు కాగితం మీద మాత్రం ఏడాది శాతమే ఉంటుంది. ఈ రేట్లను పక్కపక్కన పెట్టి, ఎక్కడ అప్పు తీసుకుంటే మేలో తేల్చమని అడగండి. వాటన్నిటినీ ముందు ఒకే కొలతకు తేవాలని పిల్లలకే తడుతుంది, సూత్రం ఆ తరువాత వస్తుంది. పేరు రాజయ్య అయినా రాబర్ట్ అయినా, తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంటేనే లెక్కకు ప్రాణం వస్తుందని నా నమ్మకం.

భిన్నాంశం
తెలిసీ చేసి పక్కన పెట్టేయడం మన పిల్లలకే ఉన్న అలవాటు కాదు. 1980ల మొదట్లో అమెరికాలో జాతీయ స్థాయి మూల్యాంకనంలో 13 ఏళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. ఒక్కో బస్సులో 36 మంది సైనికులు పడతారు, 1,128 మందిని తరలించాలి, ఎన్ని బస్సులు కావాలి అన్నది ప్రశ్న. భాగహారాన్ని 70 శాతం మంది సరిగ్గానే చేశారు. అయినా 32 అని రాసినవారు నాలుగో వంతు కూడా లేరు. దాదాపు 29 శాతం మంది "31, శేషం 12" అని రాసి ఊరుకున్నారు. ఆ పన్నెండు మంది సైనికులు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నారు.

కొబ్బరాకు
అంతకు కొన్నేళ్ల ముందు ఫ్రాన్సులో ఇంకా విచిత్రమైన ప్రశ్న అడిగారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చిన్న తరగతుల పిల్లల్లో ఎక్కువ మంది రెండు సంఖ్యలనూ కలిపి 36 అన్నారు. నేను మా ఆరో తరగతిలో అడిగి చూశాను. ఒక అమ్మాయి 36 అని చెప్పి, "గుణిస్తే 260 వస్తుంది సార్, అన్నేళ్లు ఎవరూ బతకరు, అందుకే కలిపాను" అని కారణం కూడా చెప్పింది.

భిన్నాంశం
ఆ అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి. వచ్చిన జవాబు నమ్మదగినదేనా అని ఆలోచించింది ఆమె ఒక్కతే.

మేస్త్రీ_కొడుకు
నాకు చిన్నప్పుడు అసలు మింగుడుపడనిది కాలం, పని లెక్క. 5 గురు కూలీలు 12 రోజుల్లో కట్టే గోడను 60 మంది ఎన్ని రోజుల్లో కడతారు అంటే జవాబు ఒక రోజు. ఇంటికి వెళ్లి మా నాన్నకు చెబితే, "అరవై మంది నిలబడటానికి గోడ చాలాలి కదరా, కింది వరస ఆరకుండా పై వరస ఎలా పెడతారు?" అన్నాడు. బడిలో మాత్రం నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

ఎర్రనేల
ఇంతవరకు చదివాను, నా అభిప్రాయం వేరు. విలోమానుపాతం, అంటే ఒకటి పెరిగిన వంతునే రెండోది తగ్గడం, అర్థం కావడానికి ముందు ప్రపంచాన్ని కొంత సరళం చేయక తప్పదు. పిల్లలకు విషయం తెలిసేది కూడా సరళమైన లెక్కలతోనే. గోడ ఆరడం, మేస్త్రీ అలసిపోవడం అన్నీ మొదటి రోజే చర్చకు తెస్తే పిల్లవాడికి అనుపాతమూ రాదు, గోడా రాదు. పైగా పదో తరగతి చెప్పేవాడికి పాఠ్యప్రణాళిక ముందు, పబ్లిక్ పరీక్ష వెనుక. పలకాబలపం గారి పిల్లలు 1,600 అని సరిగ్గా రాశారు. వాళ్లకు పద్ధతి వచ్చింది. పరీక్షలో అడిగేది కూడా అదే. వెనక బెంచీ అబ్బాయి మాటకు నేనైతే నవ్వి ముందుకు వెళ్లిపోయేవాణ్ని.

పలకాబలపం
ఎర్రనేల గారు, పద్ధతి వచ్చిందన్న మాట ఒప్పుకుంటాను. కానీ అదే పిల్లలను మరుసటి రోజు నూటికి_రెండు గారు చెప్పినట్టు "నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ మేలా, ఏడాదికి 14 శాతం మేలా" అని అడిగితే, పదిహేను నిమిషాల పాటు 14 పెద్ద సంఖ్య కాబట్టి అదే భారమని వాదించారు. రూపాయిన్నరను పన్నెండుతో గుణిస్తే 18 అవుతుందని ఒక అమ్మాయి బోర్డు మీద వేసి చూపించేదాకా ఆ వాదన ఆగలేదు. సూత్రం కంఠతా వచ్చిన పిల్లలే వాళ్లంతా. గోడ లెక్కను తీసేయమని నేను కూడా అనను. అయిదుగురి నుంచి పది మంది దాకా ఆ లెక్క పనికి వస్తుంది, అరవై దగ్గర ఎందుకు పనికిరాదో పిల్లల చేతనే చెప్పించాలంటాను.

మీటరు_రీడింగు
నేను నడిపిన పాఠం ఒకటి చెబుతాను, కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన గృహ విద్యుత్తు ధరల ప్రకారం, నెలకు 100 దాటి 200 యూనిట్ల వరకు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తరువాతి వంద 4 రూపాయల 80 పైసల చొప్పున పడతాయి. అంటే సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. 201వ యూనిట్ కాలగానే ఆ ఇల్లు పై వర్గంలోకి వెళ్లిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. స్థిర ఛార్జీలు, సుంకం వేరు.

నేను ధరల పట్టికను ముందుగా ఇవ్వలేదు. ఇద్దరు పొరుగువారిలో ఒకరికి 820, ఇంకొకరికి 1,027.70 వచ్చిందని, వాళ్ల వాడకంలో తేడా ఒక్క యూనిట్ మాత్రమేనని చెప్పి, మీటరు పాడైందని వాళ్లు గొడవపడుతున్నారు, ఎవరిది న్యాయం అని అడిగాను. పట్టిక కావాలని పిల్లలే అడిగారు. ఇచ్చాక గ్రాఫు గీయమన్నాను. గీత 200 దగ్గర తెగి పైకి ఎగిరింది. ప్రమేయం (ఫంక్షన్) అంటే ఎప్పుడూ అతుకు లేని గీత అనుకునే పిల్లలు ఆ తెగిన చోటు వైపు చాలాసేపు చూశారు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా కాబట్టి, వాళ్లకు 201వ యూనిట్ వెల ఏకంగా మొత్తం బిల్లు అవుతుందని ఒక పిల్లవాడు తానే చెప్పాడు.

ఆ తరువాత అసలు ప్రశ్న అడిగాను. నెలలో 25 రోజులు గడిచాయి, మీటరు ఇప్పటికే 180 తిరిగింది, ఇంకా అయిదు రోజులున్నాయి, ఏం చేద్దాం? రోజుకు 7.2 చొప్పున ఇలాగే వాడితే 216కు చేరతాం. 200లో ఆగాలంటే రోజుకు నాలుగే మిగిలాయి. పిల్లలు ఇంట్లో ఫ్యాను మీద, ఇస్త్రీపెట్టె మీద ఉన్న వాట్లు రాసుకొచ్చారు. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్. ఏది ఆపాలన్నదాని మీద ఒక్కో జట్టు ఒక్కో జవాబు తెచ్చింది, ఫ్యాను ఆపుదామన్న జట్టు మాత్రం ఒక్కటీ లేదు.

కృష్ణలంక
మా ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి పరిమితి దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతోంది, కింది యూనిట్లు పాత రేటులోనే ఉంటాయి. కాబట్టి మా గ్రాఫు ఎక్కడా తెగదు, వంపు మాత్రం మారుతుంది. రెండు రాష్ట్రాల గ్రాఫులనూ ఒకే కాగితం మీద గీయిస్తే ఇంకా బాగుంటుంది.

మీటరు_రీడింగు
ఈసారి గీయిస్తాను. ఆ ఆలోచన నాకు రాలేదు.

బడిగంట
పాఠం బాగుంది, కానీ ఇంటి బిల్లులు తెమ్మని మాత్రం ఎవరూ అడగకండి. మా పట్టణంలో మా పిల్లల్లో చాలామంది ఒక గది అద్దె ఇళ్లలో ఉంటారు. వారికి విడిగా మీటరు ఉండదు, యజమాని పెట్టిన చిన్న మీటరు చూసి యూనిట్‌కు తనకు తోచినంత వసూలు చేస్తారు. అలాంటి పిల్లవాడు ఖాళీ చేతులతో వస్తే తరగతిలో అతని పరిస్థితి ఏమిటి? వడ్డీ లెక్కల విషయంలోనూ అంతే. అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్న రోజున బడికి వచ్చిన పిల్లను "మీ ఇంట్లో ఎంత వడ్డీకి తెచ్చారమ్మా" అని అడిగితే ఆ పిల్ల ఆ రోజంతా తల ఎత్తదు. నేను కళ్లారా చూశాను. సమస్య నిజమైనదై ఉండాలి, సరే. అది ఆ పిల్ల సొంతదై ఉండనక్కరలేదు.

ఎర్రనేల
బడిగంట గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. చూశారా, పుస్తకంలోని రాజయ్య వల్ల ఒక లాభం ఉంది, ఆయన ఎవరి నాన్నా కాదు.

మీటరు_రీడింగు
అందుకే నేను కల్పించిన ఇద్దరు పొరుగువారితో నడిపాను. ఇంటి నుంచి తెమ్మన్నది వాట్లు మాత్రమే, అది కూడా ఏ వస్తువుదైనా సరే అన్నాను.

గీత_దాటి
అంగడిని తరగతిలోకి తెస్తే చాలు, లెక్కలు వాటంతట అవే వచ్చేస్తాయన్న నమ్మకం కొందరిలో ఉంది. అది నిలవదని చూపించిన పరిశోధనలు ఉన్నాయి. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లలను పరిశీలించిన పత్రం ఒకటి వచ్చింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన పిల్లలే, అవే సంఖ్యలను కాగితం మీద ఉత్త కూడిక, గుణకారంగా ఇస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారు. 2025లో నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తమ సహచరులతో కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల గురించి ప్రచురించిన పత్రం కూడా దాదాపు ఇదే చెప్పింది. బజారు పిల్లలు బడి లెక్క దగ్గర తడబడ్డారు, బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. కాబట్టి నోటితో చేసిన లెక్కను అదే గంటలో అదే పిల్లవాడి చేత బోర్డు మీద గణిత రూపంలో రాయించాలి. ఆ పని ఉపాధ్యాయుడే చేయించాలి, సందర్భం తనంతట తాను చేయించదు.

వరికల్లం
నేను ఉపాధ్యాయుణ్ని కాను, రైతును. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ అమ్మాయికి శాతాలు వచ్చని అనుకున్నాను, మా కల్లం దగ్గర రాలేదు.

కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. మా ధాన్యం యంత్రంలో 20 చూపించింది. "పది క్వింటాళ్లు ఆరబెడితే ఎంత మిగులుతుంది?" అని అడిగితే, మూడు శాతం పోతుంది కాబట్టి 970 కిలోలు అంది. నిజానికి 1,000 కిలోల్లో 200 కిలోలు నీరు, 800 కిలోలు గింజ. ఎండలో గింజ ఎక్కడికీ పోదు. ఆ 800 కిలోలు మొత్తంలో 83 శాతం కావాలి కాబట్టి 800ను 0.83తో భాగిస్తే దాదాపు 964 కిలోలు వస్తుంది. అంటే పోయేది 36 కిలోలు.

ఇక తేల్చుకోవలసింది ఏమిటంటే, ఇంటి దగ్గరికే వచ్చి తడి ధాన్యం కొంటానన్న వ్యాపారికి అమ్మాలా, ఆరబెట్టి కేంద్రానికి తీసుకెళ్లాలా. గ్రేడ్-ఎ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 964 కిలోలకు 23,000 పైచిలుకు వస్తుంది. కాబట్టి వ్యాపారి తడి ధాన్యానికి క్వింటాలుకు 2,303 ఇస్తే రెండూ సమానం. అందులోంచి టార్పాలిన్ అద్దె, తిరగబోసే కూలి తీసేయాలి. నాలుగు రోజులు మబ్బు పడితే ఏమవుతుందన్నది ఏ సూత్రంలోనూ లేదు. మా అమ్మాయి ఆ మబ్బుకు కూడా ఒక విలువ వేయాలని పట్టుబట్టింది, ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఐదో_ఎక్కం
20లోంచి 17 తీస్తే 3, పోవలసింది 30 కిలోలే కదా? ఆ మిగతా ఆరు కిలోలు ఎటు పోయాయి?

వరికల్లం
ఎటూ పోలేదు. 20 శాతం వెయ్యి కిలోల మీద లెక్క, 17 శాతం ఆరిన తరువాత మిగిలిన బరువు మీద లెక్క. 964లో 17 శాతం నీరు అంటే 164 కిలోలు. 200లోంచి 164 తీసి చూడండి.

పలకాబలపం
వరికల్లం గారు, ఈ లెక్కను మీ అనుమతితో వాడుకుంటాను. సరిగ్గా ఇలాంటిదే వెతుకుతున్నాను. సులభమని అనిపించే తీసివేత తప్పు కావడం, ఆ తప్పుకు డబ్బుల్లో విలువ ఉండటం, రెండూ ఇందులో ఉన్నాయి.

శూన్యలబ్ధం
అందరూ అప్పులు, బిల్లులు, ధాన్యం దగ్గరే ఆగిపోయారు. పిల్లలకు నిజమంటే డబ్బు ఒక్కటేనా? భాస్కరాచార్యుడు 1150లో తన గణిత గ్రంథం లీలావతిలో తుమ్మెదల లెక్క ఇచ్చాడు. గుంపులో అయిదో వంతు కదంబ పువ్వు మీదికి, మూడో వంతు శిలీంధ్ర పువ్వు మీదికి, ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు కుటజ పువ్వు మీదికి వెళ్లాయి, ఒక్క తుమ్మెద మాత్రం గాలిలో తిరుగుతోంది, మొత్తం ఎన్ని? తుమ్మెదలను ఎవరూ లెక్కపెట్టరు, 15 అని తెలిసి ఎవరికీ ఒరిగేదీ లేదు. అయినా ఆ ఒక్క తుమ్మెద ఏమైందోనని పిల్లలు అడుగుతారు. రాజయ్య అప్పు ఏమైందని ఎవరూ అడగరు. మనసులో ఊహించుకోగలిగిన లెక్క, కల్పితమైనా సరే, నాకు నిజమైనదే. మీటరు_రీడింగు గారి పొరుగువారిద్దరూ కల్పితులే కదా.

బడిగంట
ఈ మాట నాకు నచ్చింది. ఇంకో దారి కూడా ఉంది, బడి ఆవరణలో ఉన్నవే తీసుకోవచ్చు. మా బడిలో చక్రాల కుర్చీ కోసం కట్టిన ర్యాంపును పదో తరగతి పిల్లల చేత కొలిపించాను. ఎత్తు 45 సెంటీమీటర్లు, నేల మీద పొడవు 3 మీటర్లు. నిబంధన ప్రకారం ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలి, అంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. ఎత్తును పొడవుతో భాగించి టాన్ విలువ కట్టి చూస్తే కోణం 5 డిగ్రీల లోపు ఉండవలసింది, ఎనిమిదిన్నర దగ్గర ఉంది. పుస్తకంలో బెలూనుకు, దీపస్తంభానికి ఊర్ధ్వ కోణాలు కట్టినప్పుడు లేని పట్టుదల ఆ రోజు వచ్చింది. పిల్లలు బొమ్మ గీసి, కొలతలు వేసి, ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాశారు. ర్యాంపు ఇంకా మారలేదు, అర్జీ నకలు మాత్రం తరగతి గోడ మీద ఉంది.

మేస్త్రీ_కొడుకు
మా నాన్నకు చూపిస్తే, స్థలం లేకపోతే మధ్యలో మలుపు పెట్టి వెనక్కి తిప్పాలి అంటున్నారు. ఆ బొమ్మ కూడా పిల్లల చేత గీయించండి.

నూటికి_రెండు
ఎర్రనేల గారు పదో తరగతి సంగతి ఎత్తారు కాబట్టి ఇది ఆయన కోసం. బజార్లలో చిన్న దుకాణాలకు రోజువారీ ఫైనాన్స్ ఇస్తారు. పదివేల అప్పు అంటారు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. ఇచ్చేవారు "పది శాతమే కదా" అంటారు. అది పది శాతమేనా?

కట్టే ప్రతి వందలో 90 అసలు, 10 వడ్డీ అనుకుందాం. మొదటి రోజు మన దగ్గర ఉన్న అసలు 9,000, రెండో రోజు 8,910, మూడో రోజు 8,820, చివరి రోజు 90. ఇది అంకశ్రేఢి, అంటే ప్రతిసారీ ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుస. మొత్తం కలిపితే 90 రెట్లు 5,050, అంటే 4,54,500. అన్ని రూపాయలను ఒక్కో రోజు వాడుకున్నందుకు వడ్డీ 1,000. రోజుకు 0.22 శాతం, నూటికి నెలకు ఆరు రూపాయల అరవై పైసలు, ఏడాదికి 80 శాతం. శ్రేఢుల అధ్యాయం మొదటి రోజున సూత్రం చెప్పకుండా ఈ ప్రశ్న అడిగితే, వంద సంఖ్యలను కూడటానికి దగ్గరి దారి ఉందా అని పిల్లలే అడుగుతారు. ఎవరి ఇంటి సంగతీ అడగనక్కరలేదు, బడిగంట గారి అభ్యంతరానికీ చోటు ఉండదు.

ఎర్రనేల
ఇది వాడతాను. అధ్యాయంలో ఎలాగూ వచ్చే మొత్తమే కాబట్టి అదనంగా సమయం పోదు. మిగతావి ప్రాజెక్టు పనుల్లో పెట్టుకోవచ్చు, గైడు చూసి నకలు రాసే ప్రాజెక్టుల కంటే నయం. అయినా మొదటి పదిహేను లెక్కలు పుస్తకంలోవే చేయిస్తాను, ఈ విషయంలో నన్ను మార్చాలని చూడకండి.

భిన్నాంశం
నూటికి_రెండు గారు, ప్రతి వందలో పది వడ్డీ అని సమానంగా విడదీయడం మీ సౌకర్యం కోసం చేసుకున్న ఊహ. మొదట్లో అసలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి వడ్డీ వాటా కూడా ఎక్కువగా ఉండాలి. మిగిలిన అసలు మీద రోజువారీగా కడితే రేటు కొద్దిగా తగ్గి ఏడాదికి 78 శాతం దగ్గర తేలుతుంది. పిల్లల్లో ఎవరో ఒకరు ఇది అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

నూటికి_రెండు
నిజమే. దానికి చేతి లెక్క చాలదు, రేటును అటూ ఇటూ మార్చి చూడాలి. ఫోనులో స్ప్రెడ్‌షీటు ఉంటే వంద వరుసలు వేసి, చివరి వరుసలో సున్నా వచ్చేదాకా రేటును మారుస్తూ పోతే సరిపోతుంది. పదో తరగతికి 80 చాలు, 78 అడిగిన పిల్లవాడికి ఆ షీటు ఇవ్వండి.

పలకాబలపం
ఆ షీటు ఉంటే ఇక్కడ పెట్టండి. సోమవారం ఎనిమిదికి ధాన్యం, పదికి ఫైనాన్స్ మొదలుపెడుతున్నాను.